ఏటి నీటికి సాక్షులు



ఒక వాగునీరు మంచిదో కాదో తెలిసికొనుటకు మన పెద్దలు సాధారణముగా మూడు గుఱుతులు చెప్పుచుందురు. నీరు తేటగా నుండవలెను; దుర్వాసన లేకుండవలెను; నిలిచిపోక పాఱుచుండవలెను. మూడును మంచి గుఱుతులే. కాని యివి చాలవు. బురదనీటిలో చిల్లగింజ నరగదీసి కలిపినచో మట్టి అడుగునకు దిగి నీరు తేటపడును. అందు కరగియున్న విషము మాత్రము అందే యుండును. తేటదనము వేఱు, శుద్ధి వేఱు. పురుగుమందు కలిసిన నీరు అద్దమువలె మెఱయవచ్చును. రాత్రివేళ విడిచిన మురుగు తెల్లవాఱునప్పటికి దిగువకు పోయి, చూడవచ్చినవానికి మంచినీరే కనబడవచ్చును. కావున కంటికిని ముక్కునకును అందని దోషమును తెలుపగల సాక్షులెవరని విచారింపవలసి యున్నది.

అట్టి సాక్షులు ఏటిలోనే కాపురమున్నారు. ఱాళ్ళ క్రిందను, ఇసుకలోను, ఆకుచెత్తలోను జీవించు చిన్నపురుగులు, నత్తలు, ఆలిచిప్పలు, జలగలు, రొయ్యలు, చేపలు, ఱాతికి పట్టు పాచి - ఇవియే ఆ సాక్షులు. వీనిలో ఏ తెగలు ఉన్నవి, ఏ తెగలు లేవు అనుదానినిబట్టి ఏటి యారోగ్యమును నిర్ణయించు శాస్త్రము నూఱేండ్లకు పైబడి పెంపొందుచున్నది.

ఈ మార్గము మనకు బొత్తిగా క్రొత్తది గాదు. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమును వ్రాసెను. భూమిపై నున్న చెట్లను, పుట్టలను, కప్పలవంటి జంతువులను చూచి భూమిలోపలి నీటిని ఊహించు విధము అందు చెప్పబడినది. ఆ గుఱుతులలో నేటి పరీక్షకు నిలుచునవి యెన్ని యను ప్రశ్న యటుండనిండు. కనబడు ప్రాణినిబట్టి కనబడని నీటి స్థితిని తెలిసికొనవచ్చునను మూలసూత్రము మనవారికి తెలిసినదే. తార్కికులు పొగను చూచి నిప్పు నూహించునది గూడ ఈ త్రోవయే.

సీసాలో నీరు పట్టి పరీక్షాశాలకు పంపుట మంచిదే. కాని ఆ సీసా ఆ గడియలోని నీటిని గూర్చి మాత్రమే చెప్పును. అది బాటసారి సాక్ష్యము వంటిది. ఱాతి నంటుకొని నెలల తరబడి జీవించు పురుగు ఊరి కాపు వంటిది. నిన్న రాత్రి వచ్చిన మురుగును, పది దినముల క్రిందట వచ్చిన విషమును అది తప్పించుకొనలేదు. నీరు వెడలిపోయినను దాని గుఱుతు ఈ ప్రాణులయందు నిలిచియుండును.

ఈ సాక్ష్యమునకు మూలము ఊపిరి. మనవలెనే జలచరములకును ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్, కావలయును. మనము పీల్చు గాలిలో లీటరునకు రమారమి 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కలదు. లీటరు నీటిలో, నీటివేడిమి 20 డిగ్రీలున్నప్పుడు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలున్నప్పుడు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే కరగియుండగలవు. నీరు వేడెక్కినకొలది ఊపిరి తఱుగును. మనది ఉష్ణదేశమగుటచేత మన యేఱులకు మొదటనే నిలువ తక్కువ.

అట్టి నీటిలోనికి మురుగు, పేడనీరు, గానుగల మడ్డి, కబేళాల నెత్తురు వంటివి చేఱినప్పుడు కంటికి కనబడని సూక్ష్మజీవులు వానిని తిని కోట్లకొలదిగా పెరుగును. ఆ పెరుగుదలకు అవి నీటిలోని ప్రాణవాయువును వాడుకొనును. మిగిలిన జీవులకు ఊపిరి చాలదు. మఱియు నీటిలో పాచి విపరీతముగా పెరిగియున్నచో అది పగలు ఎండలో ప్రాణవాయువును విడుచును, రాత్రి దానినే పీల్చును. అందుచేతనే కొన్ని చెఱువులలో చేపలు తెల్లవాఱుజామున నోళ్ళు తెఱచుకొని పైకి తేలును. మధ్యాహ్నమున నీరు పరీక్షించినవానికి లోపమేమియు కనబడదు.

ఇక సాక్షులను ఒక్కొక్కరినిగా పిలుతము.

మొదటిది ఇంగ్లీషువారు మేఫ్లై యని పిలుచునది. దీని శాస్త్రనామము ఒక్కనాటి బ్రదుకు అను అర్థము గల గ్రీకుమాటనుండి పుట్టినది; మనము ఏకాహకీటకమందము. ఱెక్కలు వచ్చిన పిదప అది కొన్ని గడియలో, ఒకటి రెండు దినములో మాత్రమే బ్రదుకును. అప్పుడది ఏమియు తినదు. జతకట్టి గ్రుడ్లు పెట్టి చనిపోవును. కాని అంతకుముందు దాని పిల్లదశ యంతయు నీటిలోనే గడచును. అది వెచ్చని నీటిలో కొన్ని వారములు, కొన్ని నెలలు. శీతలదేశములలో ఏడాదియు, అంతకు మించియు నుండును. ఆ పిల్లపురుగునకు తోకవలె సాధారణముగా మూడు సన్నని వెండ్రుక లుండును. పొట్ట కిరుప్రక్కల చిన్నచిన్న ఆకులవంటి మొప్పలు కదలాడుచుండును. ఇందలి పెక్కు తెగలకు ప్రాణవాయువు సమృద్ధిగా గల నీరు కావలయును. కొన్ని మాత్రము కొంత మాలిన్యమును ఓర్చుకొనును.

రెండవది గూటిపురుగు. నోటినుండి పట్టువంటి దారము తీసి, ఇసుకరేణువులను ఆకుముక్కలను అతికించి, తన మేనికి సరిపడు గొట్టమువంటి ఇల్లు కట్టుకొనును. దీని బంధువులు కొన్ని ఱాళ్ళ సందున చిన్న వలలు పన్ని, నీటిలో కొట్టుకొని వచ్చు తిండిని పట్టుకొనును. నానావిధములైన గూటిపురుగు లుండుట మంచియేటికి మంచి గుఱుతు.

మూడవది రెండు తోకలు గల ఱాతిపురుగు. ఇది చల్లగా, వడిగా పాఱు కొండవాగులను కోరును. మైదానపు వాగులో ఇది లేకుండుట దోషమని చెప్పరాదు.

వీని తరువాత నడిమితరగతి సాక్షులు. తూనీగ నెఱుగనివారు లేరు. తూనీగపిల్ల నీటిలో పెరుగునని మాత్రము పలువురెఱుగరు. అది క్రిందిపెదవిని చేయివలె చాచి దోమపిల్లలను పట్టి తినును. తూనీగపిల్లలు, పీతలు, కొన్నిజాతుల నత్తలు, ఆలిచిప్పలు కొంత మాలిన్యమునకు ఓర్చును, మితిమీఱినచో తొలగిపోవును.

చివర మురుగునకు వెఱవనివి. బురదలో సన్నని ఎఱ్ఱదారములవలె గుంపుగా నుండి, తల బురదలో గ్రుచ్చి తోకను నీటిలో ఆడించు ట్యూబిఫెక్సు వానపాములు. ఎఱ్ఱని చిన్న క్రిములుగా నుండు కైరోనొమస్ పురుగులు. వీని ఎఱుపునకు కారణము మన నెత్తుటిలో నుండునట్టి హీమోగ్లోబిన్. అది ప్రాణవాయువును పిసినారివలె కూడబెట్టి, అది దొరకని బురదలో వీనిని బ్రదికించును. మఱియొకటి ఎలుకతోక పురుగు. దాని తోక ఊపిరిగొట్టము. దానిని నీటిపైకి చాచి గాలి పీల్చుకొని, మురికిగుంటలో హాయిగా నుండును. ఇవి అచ్చటచ్చట ఒకటి రెండు కనబడిన మాత్రమున వెఱవనక్కఱలేదు. తక్కిన తెగలన్నియు పోయి ఇవియే వేలకొలదిగా నున్నప్పుడు ఏఱు జబ్బుపడినదని తెలియవలయును.

దోమను గూర్చి వేఱుగా చెప్పవలసి యున్నది. బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్స్ దోమ మురుగుగుంటలలో దండిగా పెరుగును. ఏటిని మురికిచేసినవాడు తన యూరికి బోదకాలును ఆహ్వానించినవాడే. కాని మంచినీటిలో దోమ పుట్టదని తలపరాదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీని మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని ఎనాఫిలిస్ దోమ పొట్టలో కనుగొనెను. ఆ జాతిదోమలు పెక్కులు తేటనీటినే కోరును.

చేపలున్నవి కదా, నీరు మంచిదేయని కొందఱందురు. ఏ చేపయో అడుగవలెను. కొరమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చగలదు. ఊపిరిలేని నీటిలోగూడ అది బ్రదుకును. అట్టి చేపను సాక్షిగా నిలిపినచో తీర్పు తప్పును.

ఈ శాస్త్రము ఎట్లు పెరిగినదో క్లుప్తముగా మనవి చేసెదను. బెర్లినులో కోల్క్విట్జ్, మార్సన్ అను పండితులు 1908లో మురుగునీటి మొక్కలను గూర్చియు, 1909లో జంతువులను గూర్చియు గ్రంథములు ప్రకటించి, మురుగు కలిసినచోటినుండి ఏఱు తేఱుకొనువఱకు ఏ యే మజిలీలో ఏ యే జీవులుండునో క్రమముగా చూపిరి. 1948లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున రూత్ పాట్రిక్ అను విదుషీమణి కొనెస్టోగా నదిని పరీక్షించి, ఏదో ఒక జీవిని చూచి తీర్పు చెప్పరాదనియు, ఎన్ని తెగలు కలిసి జీవించుచున్నవో చూడవలెననియు నిరూపించెను. గ్రామములో చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగి మొదలగు పెక్కువృత్తులవారుండిన నాడు ఆ యూరు కళకళలాడును గదా, ఏటియందును అంతే. బ్రిటనులో ఒక్కొక్క తెగకు 1 మొదలు 10 వఱకు మార్కులేర్పఱచిరి. మురికికి ఓర్వని తెగలకు 10, కైరోనొమస్ కుటుంబమునకు 2, వానపాములకు 1. మన దేశమున 1974వ సంవత్సరపు జలకాలుష్య నివారణ చట్టముక్రింద నేర్పడిన కేంద్రమండలి గూడ ఈ విధముగనే నదీస్థలములను ఐదు తరగతులుగా విభజించు పద్ధతిని ఏర్పఱచినది.

ఈ సాక్ష్యము ఎంత ఘనమైనదో థేమ్సునది చరిత్ర తెలుపును. లండను మురుగుచేత ఆ నది యెంత చెడినదనగా, 1957లో పరీక్షించినప్పుడు లండను పొడవునను ఒక్క ఈల్ చేప దక్క నిలుకడగా జీవించు చేప కనబడలేదు. పిదప మురుగును శుద్ధిచేయు శాలలను బాగుచేసిరి. 1974లో లండనుకు దిగువ నొక విద్యుత్కేంద్రపు జల్లెడలో సాల్మన్ చేప దొరకెను. నూఱేండ్లకు పైగా ఆ నదిలో కనబడని చేప అది. నది తేఱుకొన్నదని ఆ చేప చెప్పిన సాక్ష్యమును కాదనగలవా రెవరు?

మన మూసీని చూడుడు. వికారాబాదు ప్రాంతపు అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరపు మురుగును తలదాల్చి, నల్లగొండ జిల్లాలో వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. నగరము దాటిన వెంటనే గట్ల మీద పారాగడ్డి విరివిగా పెంచుచుందురు. దిగువకు పోయినకొలది కత్వలమీదుగా పొరలుచు, గాలి తగులుచు, మురుగును సూక్ష్మజీవులు హరించుటచేత నీరు కొంత తేఱుకొనును. పుట్టినచోటను, నగరమునకు దిగువను, కత్వలు దాటిన పిదపను ఒకే నది మూడువిధములు. తనంతట తాను బాగుపడు శక్తి ఏటికి కలదు. కాని దానికి దూరము కావలెను, వ్యవధి కావలెను. పది కోసుల పొడవున పది మురుగుకాలువలు కలిసినచో ఆ శక్తి యెక్కడిది?

గ్రామమున ఈ పరీక్ష ఎట్లు చేయవలెనో చెప్పెదను. వానలు వెనుకబట్టి ప్రవాహము నిలకడకు వచ్చిన పిదప, కార్తికము మొదలు మాఘమువఱకు తగిన కాలము. మూడు తావులు ఎన్నుకొనుడు: ఊరికి ఎగువ నొకటి, ఊరి మురుగు కలియుచోటికి కొంచెము దిగువ నొకటి, మఱి అరకోసు దిగువ నొకటి. మూడింటను లోతు మోకాలికి దిగువను, అడుగున గులకఱాళ్ళును, వడి యొక్కటిగాను ఉండవలెను. దోమతెరగుడ్డను రెండు కఱ్ఱలకు కట్టి నీటికి అడ్డముగా నిలిపి, దానికి ఎగువన ఱాళ్ళను కాలితో మూడు నిమిషములు కదల్చుడు. కొట్టుకొనివచ్చిన పురుగులను తెల్లని పళ్ళెములో నీరుపోసి వదలుడు. ఎన్ని తెగలున్నవి, ఒక్కొక్క తెగలో రమారమి ఎన్ని యున్నవి యని పుస్తకములో వ్రాసికొని, వానిని మరల నీటిలో విడుడు. ప్రతివత్సరము అదే మాసమున, అదే తావున, అంతేసేపు చేయవలెను. బడిపిల్లలను వెంటబెట్టుకొన్నచో వారికి ఇంతకు మించిన ప్రకృతిపాఠము లేదు. నల్లగా కంపుకొట్టు నీటిలోనికి మాత్రము ఎవరును దిగరాదు.

పళ్ళెములో కనబడినదానిని చదువుటకు మూడు పోకడలు తెలిసియుండిన చాలును.

మొదటిది మురుగు పోకడ. తెగలు తగ్గును, మిగిలిన ఒకటి రెండు తెగలు లెక్కకు మిక్కిలిగా పెరుగును. ఱాళ్ళమీద బూడిదరంగు దూదివంటి బూజు పట్టును.

రెండవది విషపు పోకడ. నీరు తేటగా నుండును, ఊపిరి చాలినంత యుండును. అయినను పురుగులు, చిన్నరొయ్యలు కనబడవు. నత్తలు, వానపాములు మాత్రము మిగిలియుండును. పైరులకు చల్లు పురుగుమందు ఏటిలోని పురుగునకును మృత్యువే యగుటచేత ఇట్లగును. ప్రత్తిచేలకు మందు చల్లినవారు డబ్బాలను, పంపులను వాగులో కడుగుట మన పల్లెలలో చూచుచునే యున్నాము. ఆ నీరే దిగువ పశువులు త్రాగును, పిల్లలు స్నానమాడుదురు. పురుగు చచ్చిన నీరు పశువునకు మంచిదని యెవరు పూచీపడగలరు?

మూడవది పూడిక పోకడ. నీటిలో దోషము లేదు. కాని ఇసుక త్రవ్వుటవలన లేచిన మట్టి ఱాళ్ళ సందులను పూడ్చినది. ఱాతినంటి బ్రదుకునవి ఇల్లు కోల్పోవును. బురదలో దూఱునవి మాత్రము మిగులును. ఇచ్చట నీటిని శుద్ధిచేసి ప్రయోజనము లేదు, త్రవ్వకమును ఆపవలెను. జబ్బు తెలియక మందు వేయరాదు గదా.

ఇందు కొన్ని జాగ్రత్తలు కలవు. మన శాస్త్రకారులు యోగ్యానుపలబ్ధి యని యొక మాట చెప్పిరి. ఉన్నయెడల తప్పక కనబడవలసిన వస్తువు కనబడకున్నప్పుడే అది లేదని నిశ్చయింపవలయును. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. అట్లే వఱద వచ్చిపోయిన మఱునాడు పురుగులు కొట్టుకొనిపోయి యుండును. అది కాలుష్యము గాదు. వేసవిలో మడుగులుగా నిలిచిన వాగులో ఊపిరి స్వభావముచేతనే తఱుగును. ఇసుకవాగును ఱాతివాగుతో పోల్చరాదు. కావుననే ఊరి దిగువను ఊరి ఎగువతోను, ఈ యేటి కార్తికమును నిరుటి కార్తికముతోను పోల్చవలెనని చెప్పితిని.

అన్నింటికంటె ముఖ్యమైన జాగ్రత్త యొకటి. ఏకాహకీటకములు నిండుగా నున్న వాగునీరైనను అట్లే త్రాగుటకు పనికిరాదు. కలరా, సన్నిపాతజ్వరము, కామెర్లు కలిగించు క్రిములు ఆ పురుగులను బాధింపవు. నల్లగొండ ప్రాంతమున బావినీటిలో ఎముకలను వంచు ఫ్లోరైడును గూర్చియు ఇవి చెప్పజాలవు. ఈ సాక్షులు ఏటి ప్రాణమును గూర్చి చెప్పును. త్రాగునీటికి కాచుట, క్రిమిసంహారము చేయుట, పరీక్షాశాలలో చూపించుట విడువరాదు.

అయినచో ఈ లెక్కవలన గ్రామమునకు లాభమేమి? నేడు ఏటికి హాని జరిగినప్పుడు ఎగువవాడు నేను కానందును. దిగువవాడు నీవే యనును. చూడవచ్చిన యధికారికి నీరు తేటగానే కనబడును. మూడేండ్లు వరుసగా వ్రాసిన పుస్తకము పంచాయతి యొద్ద నుండినచో, ఏ తావున, ఏ సంవత్సరమున, ఏ తెగలు తొలగినవో చూపవచ్చును. కాలుష్య నియంత్రణ మండలివారిని పరీక్షకు కోరుటకు అది బలమగును. అంతకుముందే మనచేతిలోని పనులు చేయవచ్చును: ఊరి మురుగును ఇంకుడుగుంటలలోనికి త్రిప్పుట, మందుడబ్బాలను వాగున కడుగకుండ కట్టుబాటు చేయుట, గట్టుమీది చెట్లను కాపాడి నీటికి నీడ నిలుపుట. నీడయున్న నీరు చల్లగా నుండును. చల్లని నీటిలో ఊపిరి యెక్కువ.

మనకు దిగువ యనునది మఱియొక యూరికి ఎగువ. మన మురుగుకాలువ ముగిసినచోట వారి రేవు మొదలగును. మనకు ఎగువనున్నవారినుండి ఎట్టి నీటిని కోరుదుమో అట్టి నీటిని దిగువవారికి విడుచుట గ్రామధర్మము. ఆ ధర్మము నడచుచున్నదో లేదో రేయింబవళ్ళు కనిపెట్టి చూచు సాక్షులు మన వాగులో ఱాళ్ళక్రిందనే యున్నారు. ఈ కార్తికమాసమున ప్రతి గ్రామమును ఒక్కసారియైనను ఆ ఱాళ్ళను ఎత్తి చూచునుగాకయని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.